వార్డు గంటలు

(నర్సింగ్ కాలేజీలో ప్రాక్టికల్స్ చూసే టీచరు గది. పక్కనే ఆసుపత్రి. మధ్యాహ్నం. చివరి టర్ములో ఉన్న విద్యార్థిని ఒకతె బల్ల ముందు నిలబడి ఉంది.)

"కుదరదే పిచ్చుకా. ఎటు తిప్పి అడిగినా కుదరదు."

"ఒక్కసారి వినండి మేడమ్."

"విన్నాను. పొద్దున విన్నాను, ఇప్పుడూ విన్నాను. ముందు కూర్చో. నువ్వలా నిలబడితే నీ మొహం చూడ్డానికి నాకు మెడ నొప్పి పుడుతోంది."

"పర్లేదు మేడమ్. వార్డులో నిలబడీ నిలబడీ అలవాటైపోయింది."

"అదిగో. మళ్లీ వార్డు దగ్గరికే లాక్కొచ్చావు."

"అక్కడే ఉన్నాను కదా మేడమ్. మనకి డ్యూటీ వేసిన వార్డే. కిటికీ పక్క మంచం. మొన్నటిదాకా నేను అటూ ఇటూ మంచాలకి మందులిచ్చిన చోటే. అమ్మ దగ్గరున్న ఆ గంటలు ఎందుకు లెక్కలోకి రావు?"

"ఆ గంటల్లో నువ్వు డ్యూటీలో లేవు కాబట్టి. సెలవు పెట్టావు. ఒంటి మీద యూనిఫాం లేదు. నువ్వు పేషెంటు తాలూకు మనిషివి, అంతే."

"చేసిన పని అదే కదా."

"పని అదే కావచ్చు. క్రెడిట్ ఇచ్చేది పనికి కాదు."

"మరి దేనికి? మొదటి రోజు క్లాసులో మీరే చెప్పారు. వారానికో గంట చొప్పున టర్మంతా పాఠం వింటే ఒక క్రెడిట్. ల్యాబులో అయితే వారానికి రెండు గంటలకి ఒకటి. వార్డులో అయితే నాలుగు గంటలకి ఒకటి."

"బాగానే గుర్తుంది."

"అప్పుడు మేమంతా నవ్వాం మేడమ్. బెడ్‌పాన్ ఎలా పెట్టాలో కుర్చీలో కూర్చుని వింటే గంటకి వచ్చేది, నిజంగా పెట్టి, తీసి, కడిగి వస్తే నాలుగు గంటలకి గానీ రాదా అని."

"నా కాలంలో నేనూ అదే జోకు వేశాను. మా మేడమ్ నవ్వలేదు."

"మీరు నవ్వారు."

"నవ్వాను. రూలు మాత్రం అలాగే ఉంది. పాఠం విన్నవాళ్లు ఇంటికెళ్లి ఇంకో రెండు గంటలు చదువుకుంటారని లెక్క. వార్డులో అలా కాదు, డ్యూటీ అయిపోతే అయిపోయినట్టే. ఇంటికి పట్టుకెళ్లేది ఏమీ ఉండదని లెక్క."

"ఏమీ ఉండదా మేడమ్?"

"...లెక్క అలా అంటుంది."

"సిస్టర్ చూశారు మేడమ్. అన్నీ నేనే చేశాను, ఆవిడ్ని అడగండి. పక్క దుప్పటి మార్చడానికి కూడా ఆయాని పిలవలేదు."

"సిస్టర్ చూసింది తల్లికి చేసుకుంటున్న పిల్లని. నేర్చుకుంటున్న పిల్లని కాదు. నువ్వు తప్పు చేస్తే ఆవిడ దిద్దేదా? దిద్దదు. పాపం కూతురు కదా అని ఊరుకుంటుంది. ఒకరు చూడాలి, తప్పయితే ఆపాలి, మళ్లీ చేయించాలి. అప్పుడే అది వార్డు గంట. లేకపోతే ప్రతి ఇంట్లోనూ ముసలివాళ్లకి చేస్తున్న కోడళ్లందరికీ డిగ్రీలు ఇవ్వాలి."

"ఇవ్వొచ్చు మేడమ్."

"ఇవ్వొచ్చులే. ఆ మాట పైవాళ్లతో చెప్పు, నాతో కాదు. చూడమ్మా, వచ్చే టర్ములో నీకు తగ్గిన ఆ రెండు క్రెడిట్ల డ్యూటీ చేసేసెయ్. మిస్సయిన థియరీ ఒకటి ఉంది, అదీ అయిపోతుంది. అంత తొందరేం వచ్చింది?"

"నాన్న రోజూ అడుగుతున్నాడు."

"ఏమని?"

"ఎప్పటికవుతుందే నీ చదువు అని. బస్సు దిగి ఇంటికి రాగానే అదే. తిన్నావా అని అడగడు, తిన్నాను అని చెప్పడు. చదువు ఎప్పుడవుతుంది. అంతే."

"పాపం, ఇంకేం మాట్లాడాలో తెలీక."

"అదే. అమ్మ ఉన్నప్పుడు ఆయనకి మాటల అవసరమే ఉండేది కాదు. అమ్మ ఇద్దరి తరఫునా మాట్లాడేది."

"నీకు ఆవిడ పోలికే. పిచ్చుక అని ఊరికే పెట్టారా పేరు. ఇప్పుడే కదా ఇలా ముడుచుకుపోయావు..."

"అమ్మ నాకు కొత్త యూనిఫాం కత్తిరించి పెట్టింది మేడమ్. ఉద్యోగంలో చేరే రోజుకని. తను పనిచేసే కుట్టు షాపులోనే, భోజనం టైములో. దాని ఒళ్లు మొత్తం కుట్టేసింది. చేతులు ఇంకా అతకలేదు. నాన్న దాన్ని మడతపెట్టి ఇంట్లో కుట్టు మిషను మీద పెట్టాడు. తీయనివ్వడు. వచ్చే టర్ము అంటే, ఇంకో టర్మంతా అది అలాగే మిషను మీద ఉంటుంది."

"నన్ను ఏడిపించడానికి వచ్చావా నువ్వు?"

"లేదు మేడమ్. క్రెడిట్ల కోసమే వచ్చాను."

"కూర్చోమన్నానా. కూర్చో. ...ఒక దారి ఉంది. దారి అంటే దారి కాదు, సందు. బయట ఎక్కడైనా పనిచేసి నేర్చుకుని వచ్చినవాళ్లకి నోటి పరీక్ష పెట్టి, వచ్చని తేలితే క్రెడిట్ ఇవ్వొచ్చు. ఇదివరకు సైన్యంలో పనిచేసి వచ్చినాయనకి ఇచ్చాం. ఇంట్లో చేసిన పనికి ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వకూడదని మాత్రం ఎక్కడా లేదు."

"అయితే పెట్టండి మేడమ్."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"ఇంటికెళ్లి చదువుకుని రేపు..."

"చదివేదేం లేదు మేడమ్. అంతా ఉంది."

"సరే. కానీ ఒక షరతు. అమ్మ అనకూడదు. పేషెంటు అనాలి. నువ్వు అమ్మ అంటే నేను పరీక్ష చేయలేను."

"పేషెంటు."

"ఆ. ఒక పక్క పడిపోయిన పేషెంటు. తనంతట తాను కదల్లేదు. ఒంటికి పుండ్లు పడకుండా ఏం చేస్తావు?"

"రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మోకాళ్ల మధ్య దిండు. మడమలు పరుపుకి ఆనకుండా కింద చుట్ట పెట్టాలి. దుప్పటి ముడతల్లేకుండా లాగాలి. తిప్పే ముందు ఎటు తిప్పుతున్నామో పేషెంటుకి చెప్పాలి."

"చెప్పేదానివా?"

"చెప్పేదాన్ని. పేషెంటు జోకులేసేది."

"మాట వచ్చేదా? పక్షవాతం కదా."

"ముద్దముద్దగా వచ్చేది. నాకు అర్థమయ్యేది. 'బట్ట తిరగేసినట్టు తిరగేస్తున్నావేంటే, కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూస్తున్నావా' అనేది. నవ్వొచ్చు మేడమ్. నేనూ నవ్వాను. నవ్వి, పక్క మంచం ఆవిడకి కూడా చెప్పాను. పేషెంటు అందరికీ అదే పనిగా చెప్పేది, మా అమ్మాయి నర్సు, మా అమ్మాయి నర్సు అని. దాంతో చుట్టుపక్కల మంచాల వాళ్లంతా సిస్టర్ని మానేసి నన్నే పిలిచేవాళ్లు."

"పుండ్లు పడ్డాయా?"

"ఒక్కటి కూడా పడలేదు."

"మంచిది. మింగలేని పేషెంటుకి ముక్కులోంచి ట్యూబు వేశారు. ఆహారం ఎలా ఇస్తావు?"

"తల వైపు ఎత్తు పెట్టాలి. ట్యూబు జారలేదని, కడుపులోనే ఉందని చూసుకోవాలి. నెమ్మదిగా పోయాలి. అయ్యాక వెంటనే పడుకోబెట్టకూడదు."

"ఎందుకు?"

"పైకి తన్నుకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది."

"బాగుంది. ఇప్పుడు, పేషెంటు పరిస్థితి గురించి తాలూకు వాళ్లు నిన్ను అడిగితే?"

"తెలిసినంతే చెప్పాలి. తెలియనిది డాక్టర్ని అడగమనాలి. అబద్ధం చెప్పకూడదు."

"అడిగారా ఎవరైనా?"

"నాన్న... పేషెంటు భర్త అడిగాడు."

"ఏమడిగాడు?"

"పక్షవాతం రెండోసారి వచ్చాక, ఒక పొద్దున పెద్ద డాక్టరు ఆయన్ని పక్కకి పిలిచాడు. ఇంక మేం చేసేదేం లేదు, సుఖంగా ఉంచడమే అన్నాడు. నాన్న తిరిగి వచ్చి, సుఖంగా ఉంచుతారంటే... అంటే తగ్గుతుందనేనా అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను. ఈ ప్రశ్నకి మార్కులు వేయకండి మేడమ్."

"ఇది మార్కుల పరీక్ష కాదులే. నీళ్లు... ఇదిగో, ఈ సీసాలో చల్లగా ఉన్నాయి, తాగుతావా?"

"వద్దు మేడమ్."

"గొంతు ఎండిపోతోంది నీకు."

"వద్దన్నాను కదా మేడమ్. అడగండి."

"చివరికొచ్చేసరికి ఊపిరి ఎలా మారుతుంది?"

"లోతుగా తీస్తుంది. తర్వాత కొంచెం తక్కువ, ఇంకొంచెం తక్కువ. ఆగుతుంది. అయిపోయిందేమో అనుకునేలోపు మళ్లీ మొదలవుతుంది. ఆగినప్పుడు చూసేవాళ్లకి కూడా ఊపిరి ఆగుతుంది."

"చివరిది పుస్తకంలో లేదు."

"లేదు మేడమ్."

"అంతా వచ్చు నీకు. ఇంకొక్కటి అడిగి వదిలేస్తాను, తేలికైనదే. మింగడం పోయిన పేషెంటు. నోటితో ఏమీ ఇవ్వకూడదని మంచానికి అట్ట కట్టి ఉంది. పేషెంటు నీళ్లు అడుగుతుంది. ఏం చేస్తావు?"

"..."

"మొదటి సంవత్సరం ప్రశ్న ఇది."

"ఇవ్వకూడదు. దూదిని తడిపి పెదాలు తడపాలి. నాలుక తుడవాలి. ఎందుకు ఇవ్వడం లేదో మెల్లగా వివరించాలి."

"కరెక్ట్. సరే, ఇక..."

"పేషెంటు అడిగింది మేడమ్."

"ఏంటి?"

"నీళ్లు అడిగింది. ఆ మధ్యాహ్నం. డాక్టరు నాన్నతో చెప్పి వెళ్లిన రోజే. దూదితో పెదాలు తడిపాను. దూదిని చప్పరించింది. చంటిపిల్లలు చప్పరిస్తారే, అలా. దూది లాగేశాను, గొంతులోకి పోతుందేమోనని."

"అయ్యో తల్లీ."

"మెల్లగా వివరించాను. ఇస్తే పొలమారుతుందమ్మా, ఊపిరితిత్తుల్లోకి పోతుందమ్మా అని. విన్నది. విని, మళ్లీ నీళ్లు అంది. నాన్న వెళ్లి గ్లాసుతో తెచ్చాడు. సగం గ్లాసే. మంచం మీదికి వంగి తల పట్టుకున్నాడు. నేను ఆయన చేతిలోంచి లాక్కున్నాను. లాక్కుంటే ఒలికింది. ఆయన చొక్కా మీద. ఆయన ఏమీ అనలేదు మేడమ్. నువ్వు చదువుకున్నదానివి, నీకు తెలుస్తుందిలే అన్నాడు. అని కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. అమ్మ సాయంత్రం దాకా అడిగింది. తర్వాత మాట పోయింది. తెల్లారి అమ్మ పోయింది."

"ఆగు. ఆ రోజు... డాక్టరు అంత చెప్పేసి వెళ్లాక కూడా ఆ అట్ట మంచానికే ఉందా?"

"ఉంది."

"ఎవరూ తీయలేదా?"

"తీయాలా మేడమ్?"

"...లేదు. అబ్బే. ఊరికే అడిగాను."

"సిస్టర్‌కి ఆ రోజు ఇద్దరు కొత్త పేషెంట్లు వచ్చారు. ఎవరికి తీరిక?"

"అవునవును. చాలమ్మా. ఇంక చాలు. నువ్వు పాస్. వార్డు క్రెడిట్లు రెండూ రాసేస్తాను. పైవాళ్లు అడిగితే నేను చెప్పుకుంటాను."

"థియరీ?"

"ఏ థియరీ?"

"మిస్సయిన థియరీ ఒకటి ఉందన్నారు కదా. ఆ క్లాసులకి రావాలి కదా నేను."

"అదా. అదేం అక్కర్లేదు. అదీ ఇచ్చేస్తాను."

"ఇందాక వచ్చే టర్ములో చేయమన్నారు."

"ఇందాక అన్నాను. ఇప్పుడు వద్దంటున్నాను. ఇచ్చేదాన్ని నేను కదా!"

"గంటకి గంట ఉండాలి, మినహాయింపు లేదు అని పొద్దున మీరే..."

"అబ్బ, పట్టిన పట్టు వదలవేంటే! అన్నిటికీ రూలు చూస్తామా? నువ్వు మంచం దగ్గర కూర్చున్నావు, దానికంటే పాఠమా? అందులో పెద్ద విశేషమేం లేదు. అంతా నీకు తెలిసిందే."

"ఆ వారం ఏం పాఠం చెప్పారు మేడమ్?"

"గుర్తులేదు."

"అమ్మ నీళ్లడిగిన రోజు పొద్దున కూడా మీ క్లాసే ఉంది."

"ఉండొచ్చు. ఎన్ని క్లాసులు చెబుతాను, అన్నీ గుర్తుంటాయా? పరీక్షలో కూడా రాదది. నామాట విని ఇంటికెళ్లు. మీ నాన్నకి చెప్పు, చదువు అయిపోయిందని. ఆ యూనిఫాం చేతులు అతికించుకో. రాకపోతే నా దగ్గరికి తీసుకురా, నేను కుడతాను. ఏంటలా చూస్తావు? బటన్లు కుట్టడమే కాదు, చేతులు కూడా కుట్టగలను."

"మేడమ్."

"ఊఁ."

"మీకు అబద్ధం చెప్పడం రాదు."

"నేనేం అబద్ధం చెప్పాను?"

"ఆ క్లాసులో ఏం చెప్పారో నాకు తెలుసు."

"...ఎవరు చెప్పారు?"

"నా ఫ్రెండు, మన క్లాసే. ఇంక చేసేదేం లేదని డాక్టరు తేల్చేశాక, నోటితో ఏమీ వద్దన్న అట్ట గురించి మళ్లీ అడగాలి, తీయించాలి. అప్పుడు పేషెంటు నీళ్లడిగితే ఇవ్వాలి. తల ఎత్తి, చెంచాతో, చుక్కచుక్కగా. కొంచెం పొలమారినా సరే. ఆ పూట దాహం తీర్చడమే వైద్యం. అలాగే చెప్పారట కదా."

"పిచ్చుకా... ఇలా రా. ఇలా దగ్గరికి రా. నామాట విను. నీకది తెలీదు. నువ్వు ఆ రోజు క్లాసులో లేవు. నీకు నేర్పింది ఇవ్వకూడదనే. నేర్పినట్టే చేశావు. అందులో నీ తప్పు వెంట్రుకంత కూడా లేదు. తప్పంటూ ఉంటే మాది. ఆ పాఠాన్ని చివరి టర్ము దాకా ఈడ్చాం. ఈడ్చి ఈడ్చి దానికి ఒక్కటంటే ఒక్క గంట పెట్టాం. మొదటి సంవత్సరంలో చెప్పాల్సింది. నువ్వు తర్వాత తెలుసుకుని, ఇన్నాళ్లూ లోపల లోపల కుమిలి..."

"తర్వాత కాదు మేడమ్."

"ఏంటి?"

"తర్వాత తెలుసుకోలేదు. ఆ మధ్యాహ్నమే. క్లాసు అవగానే ఆ ఫ్రెండు నాకు భోజనం పట్టుకొచ్చింది. వరండాలో నిలబడి తిన్నాను. రోజూలాగే ఆ పూట పాఠం అంతా అప్పజెప్పింది. చెబుతూ చెబుతూ అదే ఏడ్చింది. నేను చేయి కడుక్కుని లోపలికి వచ్చేసరికి అమ్మ నీళ్లు అంటోంది."

"...తెలిసే లాక్కున్నావా గ్లాసు?"

"తెలిసే."

"ఎందుకే?"

"ఇస్తే అమ్మ పోతోందని ఒప్పుకున్నట్టే కదా మేడమ్. నాన్నకి తగ్గుతుందని చెప్పాను. నాకూ అదే చెప్పుకున్నాను. రేపో ఎల్లుండో మింగడం వస్తుంది, అప్పుడు కడుపునిండా తాగిద్దాం అనుకున్నాను. ఆ గంటలు రాయకండి మేడమ్. ఇందాక మీరన్నదే నిజం. ఆ మంచం దగ్గర నేను స్టూడెంటుని కాదు. స్టూడెంటునైతే ఇచ్చేదాన్ని."